భూమధ్యరేఖ దగ్గర ముందు ఎవరిని ముంచాలి?

మా అక్క కొడుకు డెక్ క్యాడెట్, అంటే ఓడ అధికారి కావడానికి శిక్షణలో ఉన్నవాడు. ఆస్ట్రేలియా బొగ్గును మన తూర్పు తీరం రేవులకు తెచ్చే ఓడలో పని. ఖాళీ ఓడ దక్షిణానికి వెళ్తూ భూమధ్యరేఖ దాటిన మర్నాడు బరంపురంలో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. పిల్లవాడు డెక్ మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముఖం నిండా గ్రీజు. తల మీద నుంచి పులిసిన పప్పు, పచ్చి గుడ్ల సొన, ఇంకేదో ఎర్రటిది కలిసి కారుతున్నాయి. అట్ట కిరీటం, తుడుపుకర్ర పీచుతో గడ్డం పెట్టుకున్న ఒకాయన త్రిశూలం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన సముద్రాధిపతి నెప్ట్యూన్. పక్కనున్న మంగలి మూరెడు చెక్క కత్తితో పిల్లవాడి గడ్డం గీస్తున్నట్టు నటిస్తున్నాడు. తర్వాత నిప్పులార్పే గొట్టంతో నీళ్లు కొట్టారు. చివర్లో పిల్లవాడు నవ్వాడు.

అక్క ఆ నవ్వు దాకా చూడలేదు, గ్రీజు దగ్గరే ఆగిపోయింది. బావ రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఏ బాధనైనా అర్జీగా మార్చగలడు. ఓడ కంపెనీకి ఫిర్యాదు రాస్తానని కూర్చున్నాడు. ఛత్రపురంలో ఉండే మా అన్నయ్య మాత్రం "ఇది వందల ఏళ్ల నావికుల ఆచారం, ఒడ్డున కూర్చున్న మనకేం తెలుసు" అని గ్రూపులో పెట్టాడు. రేఖ దాటనివాళ్లను తోకకప్పలంటారనీ, దాటినవాళ్లు షెల్‌బ్యాకులు అవుతారనీ, ఇక జీవితాంతం ఆ గౌరవం ఉంటుందనీ పెద్ద ఉపన్యాసం.

ఇద్దరి వాదనా నాకు రుచించలేదు. ఈ తంతును నిషేధించమనడం తొందరపాటు. ఆచారం కాబట్టి నోరు మూసుకోమనడం అంతకన్నా అన్యాయం. ఇలాంటి వేడుక ఓడలో ఉండాలి. అయితే కింది వాడి చేతిలో నుంచి పైవాడి తల మీదికి నడవాలి. పైనుంచి కిందికి నడిచిందా, అది ర్యాగింగే, కిరీటం పెట్టుకుని చేసినా సరే.

బ్రాందీ ఇచ్చినవాళ్లు, మునిగినవాళ్లు

పాత రాతల్లో ఆచారం మా అన్నయ్య చెప్పినంత ఏకరూపంగా లేదు. మనకు దొరికే తొలి వర్ణనల్లో ఒకటి 1529 నాటిది. ఫ్రాన్సులోని డియెప్ రేవు నుంచి సుమత్రాకు బయలుదేరిన పార్మాంటియే సోదరుల ఓడల్లో రేఖ దాటిన రోజున యాభై మంది దాకా నావికులను నైట్లుగా ప్రకటించారు. ప్రార్థన గీతం పాడారు. సూర జాతి చేపలు పట్టి రాత్రికి పులుసు పెట్టుకున్నారు. ఆ వర్ణనలో కొత్తవాళ్ల ముఖాన మసి పూసిన ఊసు లేదు. వాళ్లను ఒక మెట్టు పైకెక్కించారు, అంతే. అన్నయ్య సంప్రదాయం అంటున్నప్పుడు నేను ఈ చేపల పులుసును తలుచుకుంటాను.

1768 అక్టోబరుకు వచ్చేసరికి సంగతి మారిపోయింది. కెప్టెన్ కుక్ ఎండెవర్ ఓడ రేఖ దాటినప్పుడు అందులో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ జరిగిందంతా తన డైరీలో రాసుకున్నాడు. ఓడలో ఉన్న ప్రతి ప్రాణి పేరుతో జాబితా తయారైంది, కుక్కలూ పిల్లులతో సహా. ఇంతకుముందు దాటనివాడు నాలుగు రోజుల మద్యం వాటా వదులుకోవాలి, లేదా తెరచాప దూలం నుంచి తాడుతో దించితే మూడుసార్లు సముద్రంలో మునగాలి. బ్యాంక్స్ సంపన్నుడు. తనకూ, తన మిత్రుడు సొలాండర్‌కూ, నౌకర్లకూ, కుక్కలకూ కలిపి బ్రాందీ ఇచ్చి తప్పించుకున్నాడు. మద్యం వదులుకోలేని నావికులు మునిగారు. కుర్రవాళ్లకు మాత్రం ఆ ఎంపిక కూడా లేదు, వాళ్లను ఎలాగూ ముంచుతారు.

ఈ వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సముద్రం ముందు అందరూ సమానమేనంటూ మొదలైన ఆటలో శ్రీమంతుడి కుక్క పొడిగా ఉంది, పేదింటి కుర్రవాడు తడిశాడు.

ఇది రెండున్నర శతాబ్దాల కిందటి మాట కదా అనుకుని మేనల్లుడికి ఫోను చేశాను. ఓడలో మొదటిసారి రేఖ దాటింది నువ్వొక్కడివేనా అని అడిగాను. కాదట. ఇంకో క్యాడెట్టూ, వంటగదిలో సహాయకుడూ ఉన్నారు. వాళ్లిద్దరినీ ముంచారు. సెకండ్ ఇంజనీరుకు కూడా ఇదే మొదటిసారి. ఆయన ఇన్నేళ్లూ గల్ఫ్‌కూ యూరప్‌కూ మధ్య తిరిగే ట్యాంకర్లలోనే పనిచేశాడు, దక్షిణానికి రానే లేదు. "మరి ఆయన్ని?" అన్నాను. "ఆయన అందరికీ కూల్‌డ్రింకులు ఇప్పించారు మామయ్యా" అన్నాడు. వాడికి అందులో వింతేమీ కనిపించలేదు. బ్యాంక్స్ బ్రాందీ కాస్తా కూల్‌డ్రింకులైంది.

ఒప్పుకోవలసినది ఒకటుంది, తలకిందుల ఆట నిజంగానే జరిగిన సందర్భాలున్నాయి. 1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడలో డార్విన్‌కు కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లి, ముఖానికి తారూ రంగూ పులిమి, ఇనుప పట్టీ ముక్కతో గీకి, నీళ్లు నింపిన తెరచాప గుడ్డలోకి తలకిందులుగా తోశారు. కెప్టెన్ బల్ల దగ్గర భోజనం చేసే మనిషికి మామూలు నావికులు చేసిన మర్యాద అది. 1936 నవంబరులో ఇండియానాపొలిస్ యుద్ధనౌక మీద అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ కూడా నెప్ట్యూన్ దర్బారుకు తోకకప్పగానే హాజరయ్యాడు. ఆ రెండు సంగతులూ నాకు ఇష్టం. అయితే డార్విన్ తన డైరీలో ఇంకో మాట కూడా రాశాడు. తన వంతు తేలిగ్గానే తేలిపోయిందట. మిగతావాళ్ల నోట్లో అసహ్యమైనవన్నీ కుక్కారట.

ఆ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఈ తంతు గురించి రాస్తూ, ఇది అర్థంలేనిదీ ప్రమాదకరమైనదీ అని చాలామంది అంటారనీ, అయినా మానేస్తే లోటుగా తోచే వినోదాల్లో ఇదొకటి కావచ్చనీ అన్నాడు. నెలల తరబడి గాలి కోసం ఎదురుచూసే తెరచాప ఓడను నడిపినవాడు ఆయన. భూమధ్యరేఖ దగ్గర గాలులు చచ్చిపోయి, ఓడ ఉన్నచోటే రోజుల కొద్దీ ఊగుతుంటే మనుషులు ఒకరినొకరు కొరుక్కు తినకుండా ఉండాలంటే ఏదో ఒకటి కావాలి. ఆయన వాదనను నేను కొట్టిపారేయలేను.

కానీ అదే "ఏదో ఒకటి" 1995లో ఆన్‌స్లో అనే ఆస్ట్రేలియా జలాంతర్గామిలో ఎక్కడి దాకా వెళ్లిందో ఆ దేశం టీవీలో చూసింది. ఒక్కొక్క నావికుణ్ణీ పట్టుకుని తిట్టి, అవమానించి, ఒంటి మీద చేయకూడని చోట చేసిన పనులు వీడియోకెక్కాయి. దానికి సంప్రదాయం అనే ముసుగు సరిపోలేదు.

ఇష్టం ఉంటేనే అన్నది చాలదు

ఇక్కడ చాలామంది చెప్పే పరిష్కారం ఒకటుంది. బలవంతం వద్దు, ఇష్టమున్నవాళ్లే పాల్గొనాలి. వినడానికి బాగుంటుంది. బావ కూడా తన అర్జీలో ఈ ముక్కే రాశాడు. నాకు దీని మీద నమ్మకం లేదు.

మా ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ ఉండేవాడు, మహా మర్యాదస్థుడు. రాత్రి పదింటికి మమ్మల్ని వరసగా నిలబెట్టి, ప్రతి ఒక్కరినీ "నీకిష్టమేనా తమ్ముడూ?" అని అడిగేవాడు. అందరం ఇష్టమే అనేవాళ్లం. లేదన్నవాడు ఆ ఏడాదంతా ఎవరితో కలిసి తినాలి, రికార్డు ఎవరి దగ్గర తెచ్చుకోవాలి, ఎవరి గదిలో పడుకోవాలి? తర్వాత ఎప్పుడైనా ఎవరైనా వేలెత్తి చూపితే అడిగే చేశానని చెప్పుకోవడానికి ఆయనకు మా ఇష్టం పనికొచ్చింది.

హాస్టల్ నుంచి కనీసం రాత్రి బస్సెక్కి ఇంటికి పారిపోవచ్చు. ఓడలో ఉన్నది ఇరవై చిల్లర మంది. ఒడ్డు వారాల దూరంలో ఉంటుంది. క్యాడెట్ దగ్గర ఒక శిక్షణ రికార్డు పుస్తకం ఉంటుంది. లంగరు పని, చార్టు దిద్దడం, నిఘా కాయడం లాంటివి ఒక్కొక్కటీ నేర్చుకున్నట్టు పై అధికారులు అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలు లేనిదే పరీక్షకు కూర్చోలేడు. సంతకం పెట్టే చెయ్యే త్రిశూలం పట్టుకుని "మునుగుతావా?" అని అడిగితే పిల్లవాడు ఏమంటాడు? సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం 2013 నుంచి అమల్లో ఉంది. దాని లెక్క ప్రకారం నావికుడికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. నిద్రకు హామీ ఇవ్వడం సాధ్యమే. కాదనే ధైర్యాన్ని మాత్రం ఏ ఒప్పందమూ ఇవ్వలేదు.

అందుకే ఇష్టం కన్నా దిశ ముఖ్యమంటున్నాను. సెకండ్ ఇంజనీరును క్యాడెట్ ముంచితే, ఆ ఇంజనీరు ఇష్టం నిజమైన ఇష్టమే అవుతుంది. ఎందుకంటే కాదనగలిగే స్థితి ఆయనకుంది. ఆయన ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నాడంటే ఏదో వదులుకుంటున్నాడన్నమాట. క్యాడెట్ దగ్గర వదులుకోవడానికి ఏముంది?

తారిణి కొండ మీద కత్తి

మా గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు తల మీద కత్తి కొత్త కాదు. చైత్ర మంగళవారాల్లో రుషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకు వెళ్లినవాళ్లకు తెలుసు. పసిపిల్లల పుట్టు వెంట్రుకలు ఇవ్వడానికి ఒడియావాళ్లూ మనవాళ్లూ తెల్లవారుజామునే వరస కడతారు. మంగలి దోసిట్లో నీళ్లు తీసుకుని పిల్ల మాడు మీద రుద్ది, తల్లి రెండు చేతులతో గడ్డం పట్టుకుని కదలనివ్వకుండా ఉంటే, నుదుటి నుంచి వెనక్కి ఒక్క గీత లాగుతాడు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. తడి వెంట్రుకలు తల్లి ఒడిలో పడతాయి. ఐదు నిమిషాల తర్వాత గుండు మీద పసుపూ చందనం. చాలా ఇళ్లలో తండ్రి కూడా పక్కనే కూర్చుని తల ఇచ్చేస్తాడు.

ఆ పిల్లకూ ఇష్టాయిష్టాలు అడిగినవాళ్లు లేరు కదా అని మా అన్నయ్య నన్ను పట్టుకున్నాడు. నిజమే, అడగలేదు. తేడా ఏమిటంటే ఆ మొక్కు బరువు పిల్లది కాదు, మొక్కుకున్న పెద్దవాళ్లది. ఎండలో 999 మెట్లు ఎక్కేది వాళ్లు. పైగా గుండు చేయించుకున్న పిల్ల వచ్చే ఏడాది ఇంకో పిల్ల మీద కసి తీర్చుకోవడానికి కత్తి పట్టుకుని ఎదురుచూడదు. ఓడలో జరిగేది సరిగ్గా అదే. ఈసారి మునిగినవాడు వచ్చేసారి ముంచే వరసలోకి వస్తాడు. తనకు జరిగిన దానికి బాకీ, ఏ పాపమూ ఎరుగని మరో కొత్తవాడి దగ్గర వసూలు చేసుకుంటాడు.

ఆ కొండ దేవత పేరు ఇప్పుడు సముద్రం మీద కూడా తిరుగుతోంది. మన నౌకాదళం తెరచాప పడవ తారిణికి ఆ పేరు అక్కడిదే. అందులో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, అదే నెల 25న భూమధ్యరేఖ దాటి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు. యాభై ఐదడుగుల పడవ, ఆరుగురే మనుషులు. అలాంటి చోట ఒకరిని కించపరిస్తే ఆ రాత్రి తెరచాప తాడు ఎవరు పట్టుకుంటారు? ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో అంత నేరుగా ఉన్నప్పుడు ఈ గ్రీజూ పప్పూ గుర్తుకే రావు. పెద్ద ఓడల్లో హోదాల అంతస్తులు ఎక్కువ, ఒకరి మీద ఒకరికి ఆ కనిపించే ఆధారం తక్కువ.

బరంపురం ఠాకురాణి యాత్ర చూసినవాళ్లు నన్ను ఇంకో విధంగా ఇరుకున పెట్టవచ్చు. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు నేతవాళ్ల పెద్ద దేశీ బెహెరా ఇంటికి వస్తుంది. ఆ రోజుల్లో మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. పులి, రాజు, రాక్షసుడు, ఏదైనా. ఒక యాత్రలో మా వీధి బట్టల కొట్టులో పనిచేసే అతను యముడి వేషం కట్టి, గద భుజాన వేసుకుని నేరుగా తన యజమాని గల్లాపెట్టె ముందుకే వచ్చి నిలబడ్డాడు. యజమాని లేచి నిలబడి, చెప్పులు విడిచి, దండం పెట్టి నోటు చేతిలో పెట్టాడు. వీధంతా ఈలలు. మరి ఆ తర్వాత? జీతం పెరగలేదు. అతను ఇప్పటికీ అదే కొట్టులో తానులు విప్పి మడతలు పెడుతున్నాడు.

కాబట్టి కింది నుంచి పైకి నడిచిన ఆట వల్ల మాత్రం ఒరిగేదేముంది, ఒక పూట ఆవిరి వదిలి మర్నాడు మళ్లీ మూత బిగించడమే కదా అని ఎవరైనా అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి చెప్పగలను. ఆ యముడి ముందు నిలబడ్డ కాసేపు ఇబ్బంది పడింది యజమాని. దాన్ని తట్టుకునే స్తోమత ఆయనకుంది. అదే యజమాని యముడి వేషం కట్టి పనివాడి ముందుకు వచ్చి ఉంటే ఈలలు వేసేవాళ్లమా?

గీత ఉందా అసలు?

మా అన్నయ్యకు ఇంకో బాధ కూడా ఉంది. రోమనుల నెప్ట్యూన్ ఎందుకు, నౌకాదళం ముద్రలోనే "శం నో వరుణః" అని ఉంటే మన వరుణుణ్ణి పెట్టుకోవచ్చు కదా అంటాడు. పెట్టుకోవచ్చు. అట్ట కిరీటం ఎవరి పేరున కడితే ఏం, ఎవరి నోట్లో పప్పు కుక్కుతున్నారన్నదే నాకు లెక్క.

పైగా కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మా చెరువుల్లో అరటి దొప్పల పడవలు వదిలేది జావా, బాలి వెళ్లిన సాధవులనే ఓడ వర్తకుల జ్ఞాపకంగానే. ఆ రెండు దీవులూ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి. అంటే ఈ తీరపు నావికులు ఆ గీతకు పేరు కూడా తెలియకుండానే దాటారు. ఉత్తరాన దారి చూపే ధ్రువ నక్షత్రం రోజురోజుకీ కిందికి జారి చివరికి నీళ్లలో కలిసిపోవడం వాళ్లు చూసే ఉంటారు. ఆ రాత్రి ఏం చేసుకున్నారో మరి. తర్వాత వెళ్లినవాళ్లు కూలీలు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్‌కు, 1903లో ఎల్బె ఓడ ఫిజీకి మనుషులను మోసుకెళ్లాయి. గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఆ దారి పట్టిన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లకు ఏ కిరీటమూ, ధ్రువపత్రమూ దక్కలేదు. ఒకే ఓడలో వచ్చినవాళ్లు జహాజీ బంధువులై, కొన్నిచోట్ల తోబుట్టువుల్లాగే వావి వరసలు పాటించారు. కలిసి సముద్రం దాటడమే అక్కడ చుట్టరికం. దానికి ఒకరిని ముంచాల్సిన పని పడలేదు.

ఈ చర్చంతా గోపాలపురం రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు చెప్పాను. మన తెలుగు జాలరే. సాంతం విని, వల ముడి పళ్లతో బిగించి, "మాకూ కనబడని గీత ఉంది బాబూ" అన్నాడు. నవంబరు నుంచి మే దాకా రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం గీసిన హద్దు. ఇరవై కిలోమీటర్లు. అది దాటితే పడవ పట్టుకుపోతారు. "మీ వాణ్ణి గీత దాటినందుకు తడిపి వదిలేశారు, అదృష్టవంతుడు" అని నవ్వాడు. ఆయన ఎదుట నా వాదన కొంచెం బలిసినవాళ్ల వాదనలాగే అనిపించింది. అయినా వదులుకోలేదు.

నేను అడిగేది ఇంతే. మొదటిసారి దాటుతున్నవాళ్లలో అందరికన్నా పెద్ద హోదా ఉన్నవాణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. చెక్క కత్తి అందరికన్నా చిన్నవాడి చేతికివ్వండి. కూల్‌డ్రింకులు పుచ్చుకోండి, కానీ వాటికి బదులుగా ఎవరినీ వదలకండి. పై హోదాలో కొత్తవాడెవడూ లేకపోతే ఆ పూట కెప్టెన్ టోపీ క్యాడెట్‌కు పెట్టి, అతను చెప్పిన పని మిగతావాళ్లు చేయండి. నోట్లోకీ కళ్లలోకీ ఏమీ పోయకండి.

ఇది గ్రూపులో పెడితే మా అన్నయ్య వెంటనే జవాబిచ్చాడు. ఇలా అయితే ఏ అధికారీ ఒప్పుకోడు, రెండేళ్లలో ఈ ఆచారమే పోతుంది అని. పోనివ్వు అన్నాను. ఇప్పటికే చాలా ఓడల్లో కేకు కోసి, ధ్రువపత్రం చేతికిచ్చి ఊరుకుంటున్నారట. కేకు మంచిదే.